లేయర్లున్న పీడీఎఫ్‌ను ఫ్లాటెన్ చేసి పేపర్ మోడల్ ప్రింట్ తీయడం ఎలా

పేపర్ మోడల్ (కాగితం మీద ప్రింట్ తీసి, కత్తిరించి, మడిచి, అతికించి కట్టే నమూనా) ఫైల్ కొన్నారో, ఉచితంగా దొరికితే డౌన్‌లోడ్ చేసుకున్నారో, ఓపెన్ చేసి చూస్తే స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది. తీరా ప్రింట్ తీస్తే ఇటుక గోడ మీద రాతి గోడ కూడా పడింది, లేదంటే మడత గీతలు అసలు రాలేదు, లేదా మీకు చదవడం రాని భాషలో సూచనలు పార్టుల పక్కన వచ్చి కూర్చున్నాయి. ప్రింటర్‌ను తిట్టకండి, అది తనకు వచ్చింది వచ్చినట్టు అచ్చేసింది. ఆ ఫైల్‌లో లేయర్లు ఉన్నాయి, మీరు చూసిన యాప్ ఒక రకంగా చూపించింది, ప్రింట్‌కు పంపిన యాప్ ఇంకో రకంగా అర్థం చేసుకుంది, అంతే.

పీడీఎఫ్‌లో లేయర్లు 2003లో 1.5 వెర్షన్‌తో వచ్చాయి. ఒకే పేజీలో గీతలు ఒక లేయర్, రంగులు ఇంకో లేయర్, నంబర్లు మరో లేయర్‌గా పెట్టి, ఏది కనబడాలో ఏది దాగాలో ఫైల్‌లోనే రాసి పెట్టొచ్చు. మోడల్ డిజైన్ చేసేవాళ్లకు ఇది భలే సౌకర్యం, ఎందుకంటే ఒకే ఇంటికి నాలుగు రకాల పైకప్పులు, మూడు రకాల గోడలు ఇవ్వడానికి పన్నెండు ఫైళ్లు తయారు చేయనక్కర్లేదు. తలనొప్పి మొత్తం మన వైపే. అడోబీ రీడర్ లేయర్లను పూర్తిగా గుర్తిస్తుంది, క్రోమ్ డిజైనర్ సేవ్ చేసిన స్థితిని చూపిస్తుంది కానీ మార్చుకునే వీలు ఇవ్వదు, ఫోన్ యాప్‌లలో కొన్ని అన్నిటినీ కలిపి చూపించేస్తాయి. ఫ్లాటెన్ చేయడం అంటే మీకు కావలసిన లేయర్లను మాత్రమే ఉంచి, వాటిని ఒకే పొరగా కలిపేసి, మిగతావి ఫైల్‌లోంచి తీసేయడం. ఆ తర్వాత దాన్ని ఎవరు ఎక్కడ ఏ యాప్‌లో తెరిచినా ఒకేలా వస్తుంది.

అసలు మీకు ఇది అవసరమా?

మీ కంప్యూటర్‌లో అడోబీ రీడర్ ఉండి, దానికే ప్రింటర్ తగిలించి ఉంటే, రీడర్‌లో లేయర్లు సెట్ చేసుకుని నేరుగా ప్రింట్ ఇచ్చేయండి, ఫ్లాటెన్ జోలికి వెళ్లకండి. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయట ప్రింట్ చేయిస్తున్నారా, ఫోన్ నుంచి ప్రింట్ పంపుతున్నారా, కటింగ్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్తున్నారా, లేదా అదే మోడల్‌ను మళ్లీ మళ్లీ అదే రంగులో తీయాలా, అప్పుడు తప్పదు. బయట ప్రింట్ చేసేచోట మీ ఫైల్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారో మీకు తెలియదు, వెనక జనం నిలబడి ఉండగా "అన్నా, ఆ లేయర్ ఒకటి ఆఫ్ చెయ్యవా" అని వివరించే టెన్షన్ ఎందుకు?

ముందు కాపీ తీసుకోండి

ఒరిజినల్ ఫైల్‌ను ముట్టుకోవద్దు. ఫ్లాటెన్ చేసి సేవ్ చేశాక దాచిన లేయర్లు తిరిగి రావు, రేపు వేరే రంగు గోడ కావాలంటే మొత్తం మొదటికొస్తుంది. కాపీ చేసి, పేరులోనే ఏం ఉంచారో రాసుకోండి: "ఇల్లు, ఎర్ర ఇటుక, గీతల్లేకుండా, ఏ4" అన్నట్టు. "ఫైనల్", "ఫైనల్ 2" అని పెట్టుకుంటే వారం తర్వాత మీకే అర్థం కాదు.

లేయర్లు చూసి నిర్ణయించుకోవడం

కాపీని అడోబీ రీడర్‌లో తెరవండి, ఉచిత వెర్షన్ చాలు. పక్కనుండే ప్యానెళ్లలో 'లేయర్స్' అన్నది తెరవండి. దాని గుర్తు ఒకదాని మీద ఒకటి పేర్చిన కాగితాల్లా ఉంటుంది, కనబడకపోతే వ్యూ మెనూలో సైడ్ ప్యానెళ్ల జాబితాలో ఉంటుంది. ప్రతి లేయర్ పక్కన కంటి గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే లేయర్ మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. తాళం గుర్తు ఉంటే డిజైనర్ దాన్ని మార్చకుండా బిగించాడని అర్థం. కొన్ని మోడళ్లలో పేజీ మీదే బటన్లు ఉంటాయి, నొక్కితే గోడ రంగు మారుతుంది. ఆ బటన్లు తరచుగా జావాస్క్రిప్ట్‌తో (ఫైల్‌లో రాసి పెట్టిన చిన్న ప్రోగ్రామ్‌తో) నడుస్తాయి కాబట్టి రీడర్‌లో పనిచేసినవి బ్రౌజర్‌లో చాలాసార్లు ఉలకవు పలకవు. ఫైల్ పాడైందని కంగారు పడకుండా ముందు రీడర్‌లో చూడండి.

ఇక్కడ తొందరపడకండి, మోడల్ ఎలా వస్తుందన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో లేయర్‌ను ఆపి, వేసి, 400 శాతం జూమ్‌లో చూడండి. ముఖ్యంగా గీతల సంగతి. చాలా ఫైళ్లలో కత్తిరించే గీతలు, మడత గీతలు వేరే లేయర్లో ఉంటాయి. వాటిని ఆపేస్తే మోడల్ నిజమైన వస్తువులా కనిపిస్తుంది, అంచుల్లో నల్ల గీతలు ఉండవు, కానీ ఎక్కడ మడవాలో మీకే తెలియదు. ఉంచితే కట్టడం తేలిక, పూర్తయ్యాక మాత్రం ప్రతి మూలా పెన్సిల్‌తో గీసినట్టు ఉంటుంది. నేను చెప్పేదేంటంటే, రెండు ఫైళ్లు చేసుకోండి. ఒకటి గీతలు, పార్ట్ నంబర్లు, అతికించే గుర్తులు అన్నీ ఉన్నది, మామూలు పల్చటి కాగితం మీద నలుపు తెలుపులో తీసి పక్కన పెట్టుకోవడానికి. రెండోది గీతలు లేనిది, అట్ట కాగితం మీద రంగులో. కత్తిరించేటప్పుడు మొదటిదాన్ని చూస్తూ రెండోదాన్ని మడుస్తారు. కొంచెం కాగితం ఖర్చు, కానీ ఫలితంలో తేడా చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది.

మడత గీతలు లేని షీట్ మీద ఎక్కడ గీరాలో (నీటుగా మడవడానికి పైపైన గాటు పెట్టాలో) తెలియాలంటే ఒక చిన్న ఉపాయం: చాలామంది డిజైనర్లు పార్ట్ బయట, మడత వచ్చే చోట రెండు చివర్లా బుల్లి గుర్తులు పెడతారు, అవి విడి లేయర్లో ఉంటే దాన్ని మాత్రం ఆపకండి. స్కేలును ఆ రెండు గుర్తులకూ ఆనించి గీరితే చాలు. అతికించే ట్యాబ్‌ల మీద రాసిన నంబర్ల లేయర్ కూడా ఉంచేయండి, అవి ఎలాగూ లోపలికి పోతాయి.

ఒక్కో పేజీకి వేర్వేరు లేయర్లు కావాల్సి వస్తే, ఉదాహరణకు గోడల పేజీలు గీతలు లేకుండా, లోపలి అస్థిపంజరం పేజీలు గీతలతో కావాలంటే, ఒకే దెబ్బకు అవదు. లేయర్ల స్విచ్ మామూలుగా మొత్తం డాక్యుమెంట్‌కు ఒక్కటే. 1 నుంచి 4 పేజీలు ఒక సెట్టింగ్‌తో, మిగతావి ఇంకో సెట్టింగ్‌తో విడివిడిగా ఫైళ్లు చేసుకోవాలి. తర్వాత కలుపుకోవచ్చు, కలపకపోయినా మునిగిపోయేదేం లేదు.

స్క్రీన్ మీద ఒకటి, ప్రింట్‌లో ఇంకొకటి

పీడీఎఫ్ లేయర్‌కు రెండు స్థితులు విడిగా ఉండొచ్చు, తెరమీద కనబడాలా అన్నది ఒకటి, ప్రింట్ అవ్వాలా అన్నది ఇంకొకటి. కంటికి కనిపిస్తున్న లేయర్ ప్రింట్‌లో రాకుండా, కనిపించని లేయర్ ప్రింట్‌లో వచ్చేలా డిజైనర్ పెట్టి ఉండొచ్చు. సూచనలు తెరమీద మాత్రమే కనబడేలా, వాటర్‌మార్క్ ప్రింట్‌లో మాత్రమే పడేలా పెట్టేవి ఇలాంటివే. అందుకే కంటి గుర్తులన్నీ సరిచూసుకున్నా కూడా ప్రింట్ బాక్స్‌లో కనిపించే ప్రివ్యూను నమ్మండి, పేజీని కాదు. రెండూ తేడాగా కనబడితే కారణం ఇదే. అక్రోబాట్ ప్రో (అడోబీ వాళ్ల డబ్బు కట్టే వెర్షన్) ఉన్నవాళ్లు ఆ లేయర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ప్రింట్ స్థితిని 'కనబడితేనే ప్రింట్' అన్నదానికి మార్చుకోవచ్చు.

ఇక ఫ్లాటెన్ చేయడం

అక్రోబాట్ ప్రో ఉంటే పని ఒక నిమిషంది. అక్కర్లేని లేయర్ల కళ్లు మూసి, లేయర్స్ ప్యానెల్ ఆప్షన్లలో 'ఫ్లాటెన్ లేయర్స్' నొక్కండి. దాచినవి పోతాయి, కనిపించేవి కలిసిపోతాయి. దీన్ని అన్‌డూ చేయలేరు, కాపీ తీసుకోమన్నది అందుకే. వేరే పేరుతో సేవ్ చేసుకోండి, అయిపోయింది. అక్కడే ప్రింట్ ప్రొడక్షన్ కింద 'ఫ్లాటెనర్ ప్రివ్యూ' అని ఇంకోటి కనిపిస్తుంది, అది పారదర్శకంగా ఉండే నీడలు, మెరుపుల్లాంటివాటిని సరిచేసేది, లేయర్లతో దానికి సంబంధం లేదు, దాని జోలికి పోకండి.

ప్రో లేకపోతే ఏం ఫర్వాలేదు, విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే ఉచితంగానే అవుతుంది. రీడర్‌లో లేయర్లు సెట్ చేసుకుని ప్రింట్ నొక్కండి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకోండి. ఇది కాగితం మీద కాకుండా ఫైల్‌లోకి ప్రింట్ చేస్తుంది, కాబట్టి కాగితం మీద పడేవి మాత్రమే కొత్త ఫైల్‌లోకి వస్తాయి, లేయర్లు మిగలవు. ప్రాపర్టీస్‌లో పేపర్ సైజు ఏ4కి మార్చండి, అది లెటర్‌లో ఉండిపోయే అవకాశం ఎక్కువ. పేజీ సైజింగ్ దగ్గర 'యాక్చువల్ సైజ్' పెట్టండి. 'ఫిట్' వద్దు, 'ష్రింక్' కూడా వద్దు. ఎందుకో కింద చెప్తాను.

లినక్స్ వాడేవాళ్లకు ఓక్యులర్ ఉంది, పక్క ప్యానెల్‌లో లేయర్లు చూపిస్తుంది, ఆపి వేసుకోవచ్చు, ప్రింట్‌లో ఫైల్‌లోకి పంపొచ్చు. మ్యాక్ వాళ్ల పరిస్థితి కాస్త ఇబ్బందే. ప్రివ్యూ యాప్‌లో లేయర్ల ప్యానెల్ లేదు, అడోబీ రీడర్ ఏమో ప్రింట్ బాక్స్‌లోంచి పీడీఎఫ్‌గా సేవ్ చేయనివ్వదు. అక్కడ ఇంక్‌స్కేప్ ఉపయోగపడుతుంది, అది గీతల బొమ్మలు గీసే, మార్చే యాప్, ఉచితం, విండోస్, లినక్స్‌లలో కూడా ఉంది. ఫైల్‌ను అందులోకి దిగుమతి చేసి, అక్కర్లేనివాటిని దాచి, మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే దాచినవి రావు. అక్షరాల ఫాంట్లు మారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దిగుమతి చేసేటప్పుడు అక్షరాలను ఆకారాలుగా మార్చే ఎంపిక ఉంటే అది తీసుకోండి. ఇంకో లాభం, ఇంక్‌స్కేప్‌లో గీతలు గీతలుగానే ఉంటాయి, నల్ల మడత గీతను లేత బూడిద రంగులోకి మార్చుకోవచ్చు. గీతలు ఉంచాలా తీసేయాలా అని కొట్టుమిట్టాడేవాళ్లకు ఇది మధ్యేమార్గం. కటింగ్ మెషీన్ ఉన్నవాళ్లు ఎలాగూ ఇంక్‌స్కేప్ దగ్గరికే రావాలి, కత్తిరించే గీతలు విడిగా తీసుకోవాలి కదా.

ఫైర్‌ఫాక్స్‌లోనూ లేయర్ల జాబితా ఉంటుంది. చూసుకోవడానికి బాగానే ఉంటుంది, ప్రింట్ మాత్రం అందులోంచి ఇవ్వకండి, వెంట్రుకంత గీతలు మసకబారే ప్రమాదం ఉంది.

బొమ్మగా మార్చడం ఎప్పుడు

ఏది చేసినా ఫైల్ మొండికేస్తే, నీడలు నల్ల డబ్బాల్లా వస్తే, రంగులు మాయమైతే, ఆఖరి అస్త్రం పేజీ మొత్తాన్ని బొమ్మగా మార్చేయడం. రీడర్ ప్రింట్ బాక్స్‌లో 'అడ్వాన్స్‌డ్' లోపల 'ప్రింట్ యాజ్ ఇమేజ్' ఉంటుంది, దాన్ని టిక్ చేసి పీడీఎఫ్‌లోకి ప్రింట్ చేయండి. ఇలా చేస్తే లేయర్ల గొడవే ఉండదు, కానీ గీతలు చుక్కలైపోతాయి. ఏ4 పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు, 600 అంటే 4960 × 7016. గోడలకు, నేలకు 300 చాలు, సన్నని కిటికీ చట్రాలు, చిన్న అక్షరాలు ఉంటే 600 పెట్టండి, ఫైల్ బరువెక్కుతుంది, ఎక్కనివ్వండి. విడి బొమ్మలుగా సేవ్ చేస్తే పీఎన్‌జీ వాడండి, జేపెగ్ వద్దు, గీతల చుట్టూ మురికిలాంటి మచ్చలు వదులుతుంది. జింప్ అనే బొమ్మల ఎడిటర్ కూడా పీడీఎఫ్‌ను బొమ్మగా తెరుస్తుంది, తెరిచేటప్పుడే డీపీఐ అడుగుతుంది. కానీ పీడీఎఫ్‌లోని లేయర్లను అక్కడ ఎంచుకోలేరు, ఫైల్ ఏ స్థితిలో సేవ్ అయి ఉందో అదే వస్తుంది.

ముందే ఈ దారి పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, తేలిక కాబట్టి. నాకు నచ్చదు. గీత గీతగా ఉన్న ఫైల్‌ను 150 శాతానికి పెంచినా పదును పోదు. 1:72 మోడల్‌ను (అసలు వస్తువులో 72వ వంతు సైజుది) 1:48కి మార్చాలంటే సరిగ్గా అంతే పెంచాలి. బొమ్మగా మార్చిన ఫైల్‌ను అలా పెంచితే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

సైజు దగ్గర ఒక్క నిమిషం ఆగండి

పేపర్ మోడల్ ఫైళ్లు కొన్ని ఏ4లో, కొన్ని లెటర్ సైజులో ఉంటాయి. ఏ4 అంటే 210 × 297 మి.మీ., లెటర్ అంటే 215.9 × 279.4 మి.మీ. లెటర్ పేజీని ఏ4 మీద 'ఫిట్' చేస్తే అది సుమారు 97 శాతానికి కుంచించుకుపోతుంది. మూడు శాతమే కదా అనుకోకండి. ఒక గొట్టం చుట్టు 100 మి.మీ. ఉందనుకోండి, దాని మూతకు వ్యాసం 31.8 మి.మీ. ఉండాలి. గొట్టం ఉన్న షీట్ మాత్రం 'ఫిట్'లో పడి 97 అయితే దానికి సరిపోయే మూత దాదాపు 31 మి.మీ. అవుతుంది, అసలు సైజులో తీసిన మూత లోపలికి దూరదు. అన్ని పేజీలూ ఒకే శాతంలో తగ్గితే మోడల్ చిన్నదవుతుంది గానీ కూడుతుంది, కొన్ని తగ్గి కొన్ని తగ్గకపోతేనే చెడేది. ఇంకో మోసం ఏంటంటే, ఫ్లాటెన్ చేసేటప్పుడు ఒకసారి 'ఫిట్', మళ్లీ కాగితం మీద తీసేటప్పుడు ఇంకోసారి 'ఫిట్' పడితే ప్రింటర్ అంచుల వల్ల సుమారు 94 శాతానికి కూడా వచ్చేయొచ్చు, ఎక్కడ తగ్గిందో పట్టుకోవడం కష్టం.

కాబట్టి రెండు చోట్లా యాక్చువల్ సైజ్ పెట్టండి. లెటర్ పేజీని ఏ4 మీద అసలు సైజులో తీస్తే రెండు పక్కలా దాదాపు 3 మి.మీ. చొప్పున పోతుంది, దానికి తోడు ప్రింటర్ అంచుల్లో కాస్త వదిలేస్తుంది. పార్టులు అంచుకు మరీ దగ్గరగా లేకపోతే ఏమీ కాదు. ఉంటే మాత్రం అన్ని పేజీలనూ ఒకే శాతానికి, 95 అనుకోండి, చేత్తో టైప్ చేసి తగ్గించండి, 'ఫిట్'కు వదలకండి.

తేలిందో లేదో చూసుకోవడం

కొత్త ఫైల్‌ను మూసి మళ్లీ తెరవండి. లేయర్స్ ప్యానెల్ ఖాళీగా ఉండాలి. ఏ4 ఫైల్ అయితే డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీ సైజు 210 × 297 అని చూపించాలి. బాగా జూమ్ చేసి ఒక వంపు గీతను చూడండి, నున్నగా ఉంటే గీతగానే ఉంది, చతురస్రాలు కనబడితే బొమ్మైపోయింది. తర్వాత అదే ఫైల్‌ను క్రోమ్‌లో, మీ ఫోన్‌లో తెరిచి చూడండి, మూడు చోట్లా ఒకేలా ఉంటే పని అయినట్టే.

రంగు మచ్చల మధ్య వెంట్రుకల్లాంటి తెల్ల గీతలు కనిపిస్తే హడలిపోవద్దు. జూమ్ పెంచినా తగ్గించినా అవి అంతే సన్నగా ఉంటే స్క్రీన్ గీసే తీరు వల్ల వచ్చినవే, కాగితం మీద రావు. జూమ్‌తో పాటు లావైతే మాత్రం నిజంగానే ఖాళీ ఉంది, మళ్లీ చేయండి. అలాగే రీడర్‌లో సన్న గీతలను లావుగా చూపించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, తెరమీద గీత మందంగా ఉందని కాగితం మీద కూడా అలాగే ఉంటుందనుకోకండి.

ఇక కాగితం. అట్ట కాగితం పెట్టే ముందు పల్చటి కాగితం మీద ఒక్క పేజీ తీసి స్కేలుతో కొలవండి. డిజైనర్ పేజీలో కొలత గీత ఇచ్చి ఉంటే దాన్ని, లేకపోతే పొడవు తెలిసిన ఏదైనా పార్ట్‌ను అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండు దిశలూ ఎందుకంటే కొన్ని ప్రింటర్లు కాగితం లాగే దిశలో కొంచెం తేడాగా తీస్తాయి. సరిపోతేనే 160 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితం పెట్టండి, ప్రింటర్ సెట్టింగ్‌లో మందం కాగితం అని ఎంచుకోండి. చిన్న గుండ్రటి పార్టులున్న పేజీలకు ఇంకాస్త పల్చటి కాగితమే నయం, మందంది చుట్టేటప్పుడు విరుగుతుంది.

ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి మార్పులు ఆపేసి ఉంటే దాన్ని విరగ్గొట్టే పనులు పెట్టుకోకండి. చాలాసార్లు ప్రింట్‌కు అనుమతి ఉంటుంది, రీడర్ నుంచి నేరుగా తీసుకోండి, లేదా డిజైనర్‌కే ఒక మెయిల్ రాసి ఫలానా రంగులో, గీతల్లేని ఫైల్ కావాలని అడగండి. మీరు ఫ్లాటెన్ చేసిన ఫైల్ కూడా ఆయన పనే కాబట్టి దాన్ని పదిమందికీ పంచిపెట్టకండి.

ఫ్లాటెన్ చేసిన ఫైల్‌ను, మీరు కొలిచి చూసిన ఆ పల్చటి పేజీని కలిపి దాచుకోండి. పేజీ వెనక ఏ ప్రింటర్, ఎంత శాతం, ఏ కాగితం అని పెన్నుతో రాసి పెట్టుకుంటే, మధ్యలో ఒక చక్రం పాడై ఆ ఒక్క షీట్ మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు మిగతా మోడల్‌కు సరిపోయే సైజులోనే వస్తుంది.